గొలుసు పొడవెంత, ఆపరేషన్ ఎవరి పూచీ: విశాఖలో కుక్కల చట్టాన్ని విడమరచి చూస్తే

సీతమ్మధారలో మేముండే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకే సాయంత్రం మూడు మాటలు తిరిగాయి. పెంపుడు కుక్కకు కు.ని. ఆపరేషన్ చేయించకపోతే జైలు తప్పదని ఒకరు పెట్టారు. కుక్కను గొలుసుతో కట్టేస్తే ఇప్పుడు కేసు పెడుతున్నారని ఇంకొకరు అన్నారు. వీధికుక్కలన్నింటినీ తీసేయమని సుప్రీంకోర్టు చెప్పాక కూడా కార్పొరేషన్ బండి ఎందుకు రావడం లేదని మూడో ఆయన నిలదీశారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఏదీ పూర్తిగా సరైనది కాదు. ఆ రాత్రి మా పై ఫ్లోర్ పిన్ని గారు తమ పదేళ్ల పమేరియన్‌ను రేపే ఆపరేషన్‌కు తీసుకెళ్లాలేమోనని టెన్షన్ పడుతూ మా ఇంటికి వచ్చారు. ఆమెకు చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఢిల్లీలో రాసేది ఒకరు, విశాఖలో చేసేది ఒకరు

జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయవచ్చు. అసలు చట్టం కేంద్రానిదే. అది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. దాని కింద 2001లో కుక్కల జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. వాటిని తీసేసి 2023 మార్చి 10న కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చారు. మన దగ్గర అందరూ వీటిని ఏబీసీ రూల్స్ అంటారు. కొత్తవాటిలో పిల్లులు కూడా ఉన్నాయి.

ఈ నిబంధనలను అమలు చేయాల్సింది స్థానిక సంస్థ, అంటే విశాఖలో నగర కార్పొరేషన్ జీవీఎంసీ. ఏ కుక్కను ఎలా పట్టాలి, ఎక్కడ వదలాలి అన్నది కౌన్సిల్ తీర్మానంతో మారదు. కార్పొరేటర్ మీద ఎంత ఒత్తిడి తెచ్చినా, వీధిలోని కుక్కలను ఎక్కడో దూరంగా వదిలేయమని చెప్పే అధికారం ఆయనకు లేదు. అదే సమయంలో, ఆపరేషన్ల కేంద్రం నడపడం, పశువైద్యులను పెట్టడం, ఏటా టీకాలు వేయించడం కార్పొరేషన్ దయతో చేసే పనులు కావు. అవి దాని విధులు. గొడవల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తున్నాయి.

ఇంట్లో కుక్కకు ఆపరేషన్ చేయించాల్సిందేనా

2023 నిబంధనలు జంతువులను రెండుగా విడదీశాయి. ఇంట్లో పెంచుకునేవి మొదటి రకం. వీధిలో బతికేవి, యజమానులు వదిలేసినవి రెండో రకం. పెంపుడు జంతువుకు నట్టల మందు పట్టించడం, టీకాలు వేయించడం, ఆపరేషన్ చేయించడం యజమాని బాధ్యత అని నిబంధన చెబుతోంది. వీధి జంతువు విషయంలో ఆ బాధ్యత స్థానిక సంస్థది.

ఇక్కడ ‘బాధ్యత’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఏ వయసులోపు చేయించాలో ఆ నిబంధన చెప్పదు. చేయించకపోతే ఇంత జైలు అని కూడా అందులో లేదు. కాబట్టి వాట్సాప్‌లో తిరిగిన జైలు మాట నిజం కాదు. అలాగని ఇది పూర్తిగా మన ఇష్టం అనుకోవడమూ తప్పే. ఆపరేషన్ చేయించని ఆడకుక్క గేటు దాటి వెళ్లి చూలుతో తిరిగొచ్చి, పుట్టిన పిల్లలను అట్టపెట్టెలో పెట్టి ఎంవీపీ రైతుబజారు దగ్గర వదిలేస్తే, అప్పుడు 1960 చట్టం నేరుగా వర్తిస్తుంది. సరైన కారణం లేకుండా, ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 11వ సెక్షన్ కింద నేరం. ఆపరేషన్ చేయించకపోవడానికి శిక్ష లేదు గానీ, దాని పర్యవసానాన్ని వీధిలో పారేస్తే శిక్ష ఉంది.

2024లో ఇంకో గందరగోళం నడిచింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 జాతులను ప్రమాదకరమైనవిగా చెబుతూ ఆ ఏడాది మార్చి 12న కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది. వాటి అమ్మకం, పెంపకం ఆపాలని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. సంబంధిత వర్గాలను సంప్రదించకుండా ఇచ్చారన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. ఆ సర్క్యులర్ ఫొటో మాత్రం ఇప్పటికీ గ్రూపుల్లో కొత్త వార్తలా తిరుగుతూనే ఉంది. పిన్ని గారిని భయపెట్టింది కూడా అదే. పమేరియన్ ఆ జాబితాలో అసలు లేదు.

డాక్టర్లు ఏమంటారు

ఆడకుక్కకు చేసే ఆపరేషన్‌లో సాధారణంగా అండాశయాలు, గర్భసంచి తీసేస్తారు. మగకుక్కకు వృషణాలు తీసేస్తారు. రెండూ మత్తు ఇచ్చి చేసేవే. ఆడకుక్కల్లో వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంది. పొట్ట ఉబ్బి, నీళ్లు విపరీతంగా తాగుతూ, ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ఆపరేషన్ అయిన కుక్కకు ఆ భయం దాదాపు ఉండదు. చిన్న వయసులో చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు కూడా తగ్గుతుంది.

అయితే ఎంత త్వరగా అయితే అంత మంచిది అన్న మాట అన్ని కుక్కలకూ పనికిరాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు ఒళ్లు పూర్తిగా ఎదగకముందే చేస్తే కీళ్ల సమస్యలు పెరగవచ్చని చెప్పే పశువైద్యులు ఉన్నారు. పదేళ్లు దాటిన కుక్కకైతే ముందు రక్తపరీక్ష చేసి, గుండె చూసి, మత్తు తట్టుకోగలదో లేదో తేల్చుకోవాలి. అందుకే వయసు మాట నిబంధనల్లో చూడాల్సింది కాదు, ఆ కుక్కను పరీక్షించిన డాక్టర్‌ను అడగాల్సింది.

చాలామంది ఆశపడేది ఇంకొకటి ఉంది, ఆపరేషన్ అయితే కుక్క కరవదని. ఎదకు వచ్చిన ఆడకుక్క వెనక గుంపుగా తిరగడం, ఆ గుంపులో కొట్లాటలు, పిల్లలను కాపాడుకోవడానికి తల్లి మీదపడటం తగ్గుతాయి. భయంతో కరిచే కుక్క, మేడ మీద ఏళ్ల తరబడి కట్టేసి ఉంచితే చిరాకెత్తిపోయిన కుక్క ఆపరేషన్ తర్వాత కూడా కరుస్తాయి. ఆ సంగతి గొలుసు దగ్గర తేలుతుంది.

కట్టేయడం నేరం కాదు, ఎలా కట్టేశారన్నదే ప్రశ్న

1960 చట్టంలో ఈ విషయం మీద రాసిన తీరు చూస్తే, రాసినవాళ్లు కట్టేసిన జంతువును దగ్గరగా చూసినవాళ్లేమో అనిపిస్తుంది నాకు. 11వ సెక్షన్ నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. గొలుసు మరీ పొట్టిగా ఉందా? మరీ బరువుగా ఉందా? మరీ ఎక్కువసేపు కట్టారా? ఎప్పుడూ కట్టి ఉంచే కుక్క అయితే, దాన్ని తగినంతగా తిప్పుతున్నారా? నాలుగోది కుక్కల కోసమే ప్రత్యేకంగా పెట్టిన మాట. కుక్కను వ్యాయామం లేకుండా కట్టి ఉంచడమే ఒక క్రూరత్వమని చట్టం గుర్తించింది. వీటికి తోడు తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం ఇంకో నేరం. కదలడానికి వీల్లేని బోనులో పెట్టడం మరొకటి.

ఎన్ని అడుగుల గొలుసు ఉండాలో, ఎన్ని గంటలు కట్టవచ్చో చట్టంలో అంకె లేదు. ‘సమంజసం కానంత’ అని వదిలేశారు. అంకె లేకపోవడం లోపమని కొందరంటారు. ఫిర్యాదు చేసేవాళ్లకు ఏం చూపించాలో తెలియడం లేదన్నది వాళ్ల మాట. పమేరియన్‌కు సరిపోయే గొలుసు గ్రేట్ డేన్‌కు సరిపోదు కాబట్టి అంకె పెడితే అన్యాయమవుతుందని మరికొందరంటారు. రెండూ ఆలోచించాల్సిన మాటలే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మధురవాడలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు. లాబ్రడార్‌ను పొద్దున 8 నుంచి రాత్రి 7 దాకా మేడ మీద 3 అడుగుల గొలుసుతో కట్టేస్తారు. గిన్నెలో నీళ్లు పెడతారు. వాటర్ ట్యాంకు నీడ ఉంటుంది గానీ మధ్యాహ్నానికి అటువైపు జరిగిపోతుంది. గొలుసు అక్కడిదాకా అందదు. ఆదివారం మాత్రం బీచ్‌కు తీసుకెళతారు. వాళ్లకు కుక్కంటే ప్రేమ లేక కాదు. కానీ చట్టం అడిగే ప్రశ్నలు ఒక్కొక్కటిగా వేస్తే, పొడవు దగ్గర తప్పు, సమయం దగ్గర తప్పు, వ్యాయామం దగ్గర తప్పు, నీడ దగ్గర కూడా తప్పే. నీళ్లు ఒక్కటే సరిగ్గా ఉన్నాయి. అదే కుక్కను వరండాలో నీడలో పొడవైన తాడుతో కట్టి, పొద్దున సాయంత్రం అరగంట చొప్పున తిప్పి, మధ్యాహ్నం ఎవరైనా వచ్చి చూసి వెళ్లే ఏర్పాటు చేస్తే, కట్టేసినా నేరం అని వాదించడం కష్టం.

విశాఖ ఉక్క ఇక్కడ లెక్కలోకి వస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి వగరుస్తూనే వేడి తగ్గించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఆ వగర్పు కూడా సరిగా పనిచేయదు. మూతికి వేసే చిక్కం విషయంలో ఇది ప్రాణాల మీదకు వచ్చే సంగతి. నోరు మూసుకుపోయేలా బిగించే పట్టీ ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేసే ఆ రెండు నిమిషాల కోసమే. బయట తిప్పేటప్పుడు కావాలంటే బుట్టలా ఉండి, లోపల నోరు తెరిచి నాలుక బయటపెట్టి నీళ్లు కూడా తాగగలిగేది వేయాలి. ఎద్దు మూతికి చిక్కం వేసే రైతుకు ఈ తేడా చెప్పక్కర్లేదు. గాలి ఆడని చిక్కం ఆయన అల్లడు.

యాభై రూపాయల శిక్ష

ఇంత జాగ్రత్తగా రాసిన సెక్షన్‌కు శిక్ష చూస్తే మనసు చివుక్కుమంటుంది. మొదటిసారి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దశాబ్దాల నాటి అంకెలు ఇవి, ఇప్పటికీ మారలేదు. శిక్షలు పెంచుతూ 2022లో కేంద్రం ఒక సవరణ ముసాయిదాను ప్రజల అభిప్రాయం కోసం పెట్టింది. అది చట్టం కాలేదు.

జరిమానా కన్నా పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉంది. 11వ సెక్షన్‌లోని నేరాల్లో కొన్నింటికి మాత్రమే పోలీసులు నేరుగా కేసు కట్టగలరు. జంతువును క్రూరంగా చంపడం, అంగవైకల్యం కలిగించడం, జంతువులను కొట్లాడించే పందేల్లాంటివి ఆ కొన్నింటిలో ఉన్నాయి. పొట్టి గొలుసు, వ్యాయామం లేకపోవడం వాటిలో లేవు. అందుకే మధురవాడ కుక్క ఫొటో పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే, మేజిస్ట్రేట్ అనుమతి కావాలని అక్కడివాళ్లు చెప్పడంలో అన్నిసార్లూ నిర్లక్ష్యమే ఉండదు. చట్టమే అలా ఉంది. పైగా నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు వేయాలి.

దెబ్బతీసి చంపినా, కుంటిదాన్ని చేసినా కథ వేరు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇదే సంహితలో 291వ సెక్షన్ రెండో వైపు నిలబడుతుంది. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గేటు తీసి ఉంచితే బయటికొచ్చిన కుక్క డెలివరీ కుర్రాడి పిక్క పట్టుకుంటే ఇదే వర్తిస్తుంది. అంటే యజమాని రెండు గీతల మధ్య నడవాలి. అసలు పట్టులో పెట్టకపోతే ఈ సెక్షన్, మరీ బిగించి పెడితే ఆ సెక్షన్.

వీధికుక్కను పట్టడం నుంచి వదలడం దాకా

ఒకప్పుడు మన దేశంలో మున్సిపాలిటీలకు తెలిసిన దారి చంపడమొక్కటే. విషం పెట్టేవారు, కరెంటు పెట్టేవారు. చంపేకొద్దీ కుక్కలు తగ్గకపోవడం చూసి చెన్నైలోని జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ 1960లలోనే ఆపరేషన్ల దారి చూపించింది. ఆ నగర కార్పొరేషన్ 1996లో దాన్ని చేపట్టింది. విశాఖలో జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ పుట్టింది కూడా 1996లోనే.

ఇప్పటి నిబంధనల ప్రకారం ముందు ఆ వీధిలో ప్రకటన చేయాలి, కుక్కలను ఆపరేషన్ కోసం పడుతున్నామని, మళ్లీ ఇక్కడే వదులుతామని. కేంద్రంలో ఎన్నింటికి చోటుందో అన్నింటినే పట్టాలి. వలతోనో, శిక్షణ ఉన్నవాళ్లు చేత్తోనో పట్టాలి. పట్టకార్లు, తీగ ఉచ్చులు వాడకూడదు. పట్టిన వెంటనే నంబరున్న బెల్టు వేయాలి, ఏ వీధిలో పట్టారో రాసుకోవాలి. పాలు తాగే పిల్లలున్న తల్లిని పట్టకూడదు. ఆపరేషన్ సమయంలోనే చెవికి గుర్తుగా చిన్న గాటు పెట్టి, రేబిస్ టీకా వేసి, కోలుకునేదాకా ఉంచుకుని, పట్టినచోటే వదలాలి.

గాజువాక మార్కెట్లో మూడు వారాల పిల్లలున్న కుక్కను వదిలేసి బండి వెళ్లిపోయిందని చిరాకు పడేవాళ్లు ఉంటారు. ఆ రోజు బండివాళ్లు చేసింది సరైన పనే. పిల్లలు పాలు మానాక మళ్లీ రాకపోతే మాత్రం అడగాలి. ఎందుకంటే కుక్క చూలు మోసేది 2 నెలలే.

సగానికి చేస్తే ఎందుకు సరిపోదు

ఒక కాలనీలో 20 కుక్కలున్నాయనుకుందాం, అందులో 10 ఆడవి. ఒక్కోటి ఏడాదికి ఒక్క ఈతలో 5 పిల్లలు పెడుతుందని, మూడింట ఒకటే బతుకుతుందని, పెద్ద కుక్కల్లో ఏడాదికి 4 చనిపోతాయని అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్న అంకెలు. ఎవరికీ ఆపరేషన్ చేయకపోతే 50 పిల్లల్లో 17 దాకా మిగిలి, ఏడాది తిరిగేసరికి 33 కుక్కలవుతాయి. 7 ఆడకుక్కలకు చేస్తే 15 పిల్లల్లో 5 మిగులుతాయి, మొత్తం 21. అంటే అంత పని చేసినా ఒకటి పెరిగింది. 9 ఆడకుక్కలకు చేస్తే 18కి దిగుతాయి.

మూడు మిగిలినా ఫర్వాలేదు అనుకునే చోటే పని పాడవుతుంది. నగరమంతా తలో పది చేసేకన్నా ఒక ప్రాంతం తీసుకుని దాదాపు పూర్తిగా ముగించి తర్వాతి చోటుకు వెళ్లడం మేలని ఈ పని చేసేవాళ్లు అనేది ఇందుకే. పైగా బతికున్న కుక్కలు అక్కడే ఉంటాయి కాబట్టి తగ్గుదల కంటికి కనిపించడానికి ఏళ్లు పడుతుంది.

సుప్రీంకోర్టు నిజంగా ఏం చెప్పింది

2025 ఆగస్టు 11న ఢిల్లీ, దాని చుట్టుపక్కల వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందరికీ గుర్తున్న వార్త ఇదే. పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టినచోటే వదలాలని, రేబిస్ ఉన్నవి, ఉన్నట్టు అనుమానం ఉన్నవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి మాత్రం వదలకూడదని చెప్పింది. వార్డు వార్డుకూ తిండి పెట్టే చోట్లు గుర్తించాలంది. కేసును దేశమంతటికీ విస్తరించింది. 98 వార్డుల విశాఖ కూడా అందులోకి వచ్చింది.

నవంబరు 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కలను తీసేయాలని, ఆపరేషన్, టీకా చేశాక షెల్టర్లకు తరలించాలని, వీటిని మాత్రం తిరిగి అదే చోట వదలకూడదని. ఆ ఆవరణలకు కంచె వేయాలని కూడా.

దీంతో మహారాణిపేటలో ఒకే కుక్కకు రెండు చట్టాలు. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ గేటు బయట టీకొట్టు దగ్గర దాన్ని పడితే, ఆపరేషన్ చేసి మళ్లీ ఆ టీకొట్టు దగ్గరే వదలాలి. అదే కుక్క గేటు లోపల వార్డు మెట్ల మీద పడుకుని ఉండగా పడితే వెనక్కి వదలకూడదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరా, ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణం దగ్గరా ఇదే పరిస్థితి. మూడో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మా అపార్ట్‌మెంట్ ఆ జాబితాలో లేదు. మా వీధిలోంచి కుక్కలను పట్టి ఆనందపురం దాటించి వదిలితే కార్పొరేషనే నిబంధన తప్పినట్టవుతుంది.

ఈ ఉత్తర్వు మీద రెండు వైపులా బలమైన మాటలున్నాయి. కుక్క కాటుకు కేజీహెచ్‌లో ఇంజెక్షన్ వేయించుకోవడానికి వచ్చిన పిల్లాడికి ఆ ఆవరణలోనే మళ్లీ కుక్క ఎదురుపడటం ఏ తల్లీ ఒప్పుకోదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు జరగదు. ఆ భయాన్ని చిన్నచూపు చూడటానికి లేదు. మరోపక్క, టీకా పడిన కుక్కలు ఖాళీ చేసిన చోటుకు టీకా పడని కొత్త కుక్కలు చేరతాయని జంతు సంరక్షకులు చెబుతారు. తిండి దొరికినంతకాలం చోటు ఖాళీగా ఉండదు. తరలించినవాటిని జీవితాంతం పోషించే షెల్టర్లకు స్థలం, సిబ్బంది, డబ్బు కావాలి. నా మటుకు, కంచె, చెత్త తీయడం ముందు జరగకపోతే ఆ గేట్ల దగ్గర పట్టడం ఎప్పటికీ ముగియదనిపిస్తుంది.

మళ్లీ దొరికే కుక్క

ఆపరేషన్ జీవితంలో ఒక్కసారి. రేబిస్ టీకా అలా కాదు, మళ్లీ మళ్లీ వేయాలి. అంటే అదే కుక్కను ఏడాది తర్వాత మళ్లీ పట్టాలి. తీగ ఉచ్చు మెడకు బిగిసి, ఈడ్చుకెళ్లి బండిలో పడేసిన కుక్క ఆ బండి చప్పుడు మరిచిపోదు. వీధి చివర హారన్ వినపడగానే మాయమవుతుంది, దాన్ని చూసి మిగతావి కూడా. ఆ వీధికి టీకా అక్కడితో ఆగిపోతుంది. సున్నితంగా పట్టమన్న నిబంధనను కుక్కల మీద జాలితో పెట్టిన మాటగానే చాలామంది చూస్తారు. అది ఆ వీధిలో ఆడుకునే పిల్లలకు కూడా రక్ష.

మా వీధిలో ఒక ఇస్త్రీ బండి మామ్మ ఉంది. రోజూ సద్దన్నం మిగిలితే రెండు కుక్కలకు పెడుతుంది. కిందటేడు టీకా వేసేవాళ్లు వచ్చినప్పుడు వల బయటకు తీయాల్సిన పనే పడలేదు. చెవికి గాటున్న నల్లదాన్ని ఆమె పేరుపెట్టి పిలిచి, బండి పక్కన కూర్చోబెట్టి, మెడ కింద గోకుతూ ఉంటే సూది వేసేశారు. రెండోది మాత్రం ఎదురింటి మెట్ల కిందికి దూరిపోయింది. దాన్ని ఎప్పుడో వేరే వీధిలో తాడు వేసి పట్టారట. దానికి ఇప్పటికీ టీకా పడలేదు.